చిట్టి రొయ్యలు - రెండవ తొట్టి

గ్రంథాలయపు వరండాలో ఒక గాజు తొట్టి నెలకొల్పి, అందులో ఎర్రని మంచినీటి చిట్టి రొయ్యలను పెంచుటకు అనుమతి ఇప్పించవలసినదని మన కళాశాల విద్యార్థులు కొందరు కమిటీవారికి అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ అంచున "తెలుగు శాఖవారి అభిప్రాయం తీసుకొనవలెను" అని ఎవరో పెన్సిలుతో వ్రాశారు. జంతుశాస్త్ర శాఖ ఉండగా తెలుగు శాఖకు రొయ్యలతో పని ఏమని స్టాఫ్ రూములో నవ్విన మిత్రులు లేకపోలేదు. అసలు సంగతి ఏమనగా, మా ఇంట కొన్ని సంవత్సరాలుగా ఈ రొయ్యలు పెరుగుతున్నవి. చంపుకున్నవి పోగా మిగిలినవే ఇప్పుడున్నవి.

అభిప్రాయం రెండు వాక్యాలలో ఫైలుపై వ్రాసి పంపవచ్చును. కాని కమిటీవారితో పాటు అర్జీ పెట్టినవారు కూడా వినవలసిన మాటలు కొన్ని ఉన్నందున ఈ పత్రికను ఆశ్రయిస్తున్నాము. ముందుగా మా తీర్పు చెప్పివేస్తాము. అనుమతి ఇవ్వవలసినదే. అయితే ఒక తొట్టికి కాదు, రెండు తొట్లకు. రెండవది లేనిపక్షంలో మొదటిది కూడా వద్దు.

రొయ్య అనగానే తెలుగువానికి గుర్తుకు వచ్చేది కూర, లేదా భీమవరం ప్రాంతపు చెరువులు, ఎగుమతులు, 2009లో అనుమతి పొంది టైగరు రొయ్య స్థానాన్ని ఆక్రమించిన వనామీ. మీసాలవానిని ఎగతాళి చేయవలసి వచ్చినప్పుడు కూడా మనవారు రొయ్యనే పిలుస్తారు. కూరకు గాని, ఎగుమతికి గాని పనికిరాని అంగుళం పొడవు రొయ్యను ఇంట పెట్టుకొని చూస్తూ కూర్చొనుట ఏమి వినోదమని అడిగేవారిని మేము తప్పుపట్టలేము. మొదటి తొట్టి ఇంటికి తెచ్చిన నాడు మా అమ్మీ కూడా అదే అడిగారు. "ఖానేకు నై తో కాయ్‌కు పాల్‌తే, బేటా?" తినుటకు కానప్పుడు దేనికి పెంచుట? తినే విషయంలోనే హనఫీ ఉలమాలలో ఝీంగా చేపల కోవలోనిదా కాదా అని భేదాభిప్రాయం ఉన్నది. మా ఇంట ఆ చర్చ వచ్చినప్పుడెల్లా అన్నం చల్లారిపోతుంది. చూచుటకు పెంచే రొయ్యకు ఆ చిక్కు లేదు. చిక్కు వేరొక చోట ఉన్నది.

ఈ రొయ్య శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. 1904లో బూవియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించాడు. చైనా తూర్పు భాగం, తైవాన్, కొరియా ప్రాంతాల వాగులు, చెరువులు దీని పుట్టినిల్లు. అక్కడ ఇది ఎర్రనిది కాదు. ఎండుటాకుల మధ్య పడుకుంటే కంటికి ఆనని గోధుమ, ఆకుపచ్చ కలిసిన మాసిన రంగు. అటువంటి వాటిలో కొద్దిగా ఎరుపు కనబడిన వాటిని ఏరి, వాటి సంతానంలో మరింత ఎర్రనివాటిని ఏరి, తరాల తరబడి మనుష్యులు చేసిన ఎంపిక ఫలితమే నేడు దుకాణంలో కుంకుమ పూసినట్లు కనబడే చెర్రీ రొయ్య. నీలం, పసుపు, నారింజ, నలుపు రంగులలో దొరికే దాని చుట్టాలు కూడా అదే జాతివి. ఈ ఒక్క సంగతి విద్యార్థులు గట్టిగా జ్ఞాపకం ఉంచుకొనవలెను. మా వాదమంతా దీనిపైననే నిలిచి ఉన్నది.

పెంపకం సులభమని పుస్తకాలు వ్రాస్తున్నవి. సులభమే, తొందర లేనివారికి. మేము మొదటిసారి తళతళలాడే గాజు తొట్టిని కడిగి, కడిగిన ఇసుక పోసి, కుళాయి నీరు నింపి, అదే సాయంకాలం పది రొయ్యలను వదిలినాము. మూడవనాటి ఉదయానికి అవి ఉడికించిన రొయ్యల రంగుకు తిరిగి అడుగున పడి ఉన్నవి. శుభ్రత ఎక్కువైనందున చచ్చినవని మాకు తరువాత తెలిసినది. జీవుల మలంనుండి, మిగిలిన ఆహారంనుండి అమ్మోనియా పుడుతుంది. దానిని నైట్రైటుగాను, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చే సూక్ష్మజీవులు ఇసుకపై, స్పాంజి ఫిల్టరులో, ఆకులపై స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారాలు పట్టును. అంతవరకు తొట్టి ఖాళీగా ఉండవలెను. నీరు ఉండును, మొక్కలుండును, గాలి పంపు నడుచుచుండును, రొయ్య మాత్రం ఉండదు. నెలన్నర దినాలు ఖాళీ నీటిని చూస్తూ ఓర్చుకొనగలిగిన విద్యార్థి బృందం మన కళాశాలలో ఉన్నదా అన్నదే కమిటీవారు వేయవలసిన మొదటి ప్రశ్న.

కుళాయి నీటిలో క్లోరిను ఉండును కనుక దానిని విరిచే మందు వేసి గాని నీరు పోయరాదు. బోరు నీటిలో క్లోరిను బెడద లేదు గాని మన ప్రాంతపు బోర్లలో ఉప్పులు మెండు. రొయ్య పెంకు గట్టిపడుటకు సున్నపు పాలు కొంత అవసరమే. అందుచేత క్యానులలో అమ్మే శుద్ధి చేసిన నీటిని మాత్రమే పోసినా ప్రమాదమే. రెండూ కలుపుకొనవలెను. వేసవిలో మరొక మెలిక ఉన్నది. తొట్టిలోని నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు ఆవిరి కాదు. తగ్గినంత మేర బోరు నీటినే నింపుచు పోతే రంజాను వేసవిలో వచ్చిన ఏడు మా తొట్టి నీరు కాఫీ కెటిలు అడుగువలె తెల్లగా పేరుకొన్నది. ఆవిరైన దానికి బదులు ఉప్పులేని నీటినే పోయవలెనని అప్పుడు నేర్చుకున్నాము.

వీటికి 22 నుండి 28 డిగ్రీల వేడి హాయి. మన మే నెల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నీరు వేడెక్కిన కొద్దీ అందులో నిలిచే ప్రాణవాయువు తగ్గును. అదే సమయంలో కరెంటు పోవును, గాలి పంపు ఆగును. కూజాకు తడిగుడ్డ చుట్టే పద్ధతినే మేము తొట్టికి కూడా అనుసరించినాము. మూత తీసి, చుట్టూ తడి గోనె కప్పి, పైన బల్లఫ్యాను పెట్టితే మూడు నాలుగు డిగ్రీలు దిగును.

అన్నింటికంటె పెద్ద శత్రువు దోమల మందు. రొయ్య కూడా కీటకాల వలెనే కీళ్ళ కాళ్ళ జీవి. దోమను చంపుటకు కనిపెట్టిన మందు రొయ్యను వదలదు. అట్లే రాగి. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం రాగితో కూడినదే అయినను, నీటిలో కరిగిన రాగి కొంచెమైనా దానికి విషం. కొన్ని చేపల మందులలో రాగి ఉండును. డెంగీ రోజులలో వరండాలలో మందు కొట్టించుట కళాశాలకు తప్పనిసరి. ఆ రోజున తొట్టిని గదిలోనికి చేర్చి తలుపు మూసి, గాలి పంపును కూడా ఆ గదిలోనే నడుపుటకు ఒక మనిషి బాధ్యత వహించవలెను. పేరు వ్రాసి గోడకు అంటించవలెను. "అందరూ చూస్తారు" అన్న ఏర్పాటులో ఎవరూ చూడరన్నది హాస్టలు నడిపినవారికి తెలిసినదే.

ఇంత కష్టం దేనికని అడుగుదురేమో. రొయ్య కుబుసం విడుచుట చూచినవారు ఆ ప్రశ్న అడుగరు. ఒక క్షణం వంగి, తల వెనుక చీలిక తెరచి, గాజువంటి తన ఆకారాన్ని తాను విదిలించుకొని ఎగిరిపోవును. మీసాలతో సహా ఆ ఖాళీ పెంకు అక్కడే నిలబడి ఉండును. మా చిన్నది మొదటిసారి చూచి రొయ్య చచ్చినదని ఏడ్చినది. ఆడ రొయ్య మెడ వెనుక జీనువలె పసుపుపచ్చని మచ్చ కనబడినచో గుడ్లు సిద్ధమగుచున్నవని అర్థం. అది కుబుసం విడిచిన గంటలలో మగవన్నియు తొట్టి అంతటా పిచ్చెత్తినట్లు ఈదును. పిదప ఇరవై ముప్పై గుడ్లను పొట్ట క్రింది చిన్న కాళ్ళ నడుమ పొదువుకొని, మూడు నాలుగు వారాల పాటు ఆ కాళ్ళతో విసురుతూ వాటికి గాలి ఆడించును. విసనకర్ర ఒక్క పూట కూడా ఆగదు.

పిల్లలు వెలువడునప్పుడే తల్లి ఆకారంలో, చీమ తలంత పరిమాణంలో ఉండును. అన్ని రొయ్యలు ఇట్లు కావు. జపాను దేశపు తొట్టి శిల్పి తకాషి అమానో పాచి తినుటకై ప్రసిద్ధిలోనికి తెచ్చిన అమానో రొయ్య కూడా మంచినీటిదే. కాని దాని పిల్లలు బ్రతుకుటకు ఉప్పునీరు కావలెను. కనుక అది సామాన్యుల ఇళ్ళలో వృద్ధి కాదు. చెర్రీ రొయ్యకు ఆ అడ్డు లేదు. రెండు మూడు నెలలలో పిల్లలు తామే గుడ్లు మోయును. పది రొయ్యలతో ఆరంభించినవాడు సంవత్సరం తిరిగేసరికి లెక్కించుట మానుకొనును. చిక్కు ఇక్కడ ఉన్నది.

పుట్టిన వాటిలో అన్నీ ఎర్రనివి కావు. కొన్ని చారలు, కొన్ని గాజువంటివి, కొన్ని తాతల గోధుమరంగువి. ఎర్రవానితో నీలివాటిని కలిపితే మనం ఆశించిన ఊదా రంగు రాదు. కొద్ది తరాలలో చాలవరకు ఆ మాసిన రంగే తిరిగి వచ్చును. అందుచేత రంగు నిలుపుకొన దలచినవాడు పాలిపోయిన వాటిని ఏరివేయవలెను. వ్యాపారంలో ఎరుపు గాఢతను బట్టి శ్రేణులు, శ్రేణులను బట్టి ధరలు ఉన్నవి. మేమూ మొదట రంగు వెంట పడినవారమే. ఏరివేతలో మేము చేసిన మూర్ఖత్వం ఒకటి చెప్పుకొనవలెను. మగ రొయ్య స్వభావం చేతనే ఆడదానికంటె చిన్నది, పాలిపోయినది. పిల్లలకు రంగు ఆలస్యంగా ఎక్కును. ఇవి ఎరుగక మేము ఒక విడతలో ఏరివేసినవన్నీ మగవి, పసివి. మిగిలిన ఎర్రని ఆడవి గుడ్లు లేక మూడు నెలలు ఊరక తిరిగినవి.

ఏరివేసిన వాటిని గూర్చి పెంపకందార్లు "జాతి చెడినవి" అందురు. తెలుగు బోధించి బ్రతికేవారము గనుక ఈ మాట దగ్గర కొంత ఆగుచున్నాము. అర్జీ అన్నా, వకీలు అన్నా, దస్తావేజు అన్నా, కాగితం అన్నా తెలుగు జాతి చెడినదని ఎవరూ అనుకొనుట లేదు. ఈ పత్రిక ఒకవైపునుండి తెలుగులోను, రెండవవైపునుండి ఉర్దూలోను తెరుచుకొనుచున్నది. మధ్యలో అట్ట లేదు. గోధుమరంగు రొయ్యలో చెడినదేమియు లేదు. మనం చేర్చినది పోయి దానిది దానికి తిరిగి వచ్చినది. వేసవి తాకిడికి మా తొట్టిలో తట్టుకొని నిలిచినవి ఎక్కువగా అవే.

ఇక మా నేరం. ఏరివేసిన రొయ్యలు నలభై వరకు ఒక ప్లాస్టిక్ బకెట్టులో చేరినవి. మా ఇంటికి తరచు వచ్చే ఒక విద్యార్థి, చదువులో చురుకైనవాడు, వీటిని ఏమి చేతుమని అడిగినాడు. మాకు పరీక్ష పేపర్ల తొందర. "నీకు తోచినట్లు చేయి నాయనా" అన్నాము. అతడు శుక్రవారం నమాజు పిదప ఆ బకెట్టు సైకిలుకు తగిలించుకొనిపోయి ఊరి చెరువులో వదిలివచ్చినాడు. "సార్, అన్నింటినీ వదిలేశాను. ఇక హాయిగా బతుకుతాయి" అని చెప్పునప్పుడు అతని ముఖం వెలుగుచున్నది. మేము "శభాష్, సవాబు వచ్చే పని చేశావు" అన్నాము. అన్నామని ఒప్పుకొనుటకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాము.

అదే రొయ్య హవాయి దీవులలో ఒవాహు వాగులలో స్థిరపడినది. జర్మనీలో విద్యుత్కేంద్రపు వేడినీరు కలిసే గిల్‌బాక్ అనే వాగులో ఇది స్థావరం ఏర్పరచుకొన్నదని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. చలిదేశపు వాగులో వేడినీటి ఆసరాతో బ్రతుకగలిగినదానికి మన చెరువులో ఏ ఆసరా కావలెను? మన చెరువులు, కాలువలలో కారిడినా ప్రజాతికి చెందిన నాటు చిట్టి రొయ్యలున్నవి. అవి కూడా ఆ పాచినే, ఆ కుళ్ళిన ఆకులనే తిని బ్రతుకును. తొట్టి రొయ్యల ముక్కు కొనపై తెల్లని పోగువంటి పురుగులు అంటిపెట్టుకొని ఉండుట పెంచినవారందరు ఎరిగినదే. వాటితో పాటు ఇంకేమి పోయినవో కంటికి కనబడదు. గుర్రపుడెక్క కూడా అందమైన పూల కోసం ఎవరో నీటి తొట్లలో పెంచుకొనుటకు తెచ్చినదే. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఆ మొక్కను కొల్లేటిలో నేడు ఎవరు ఏరగలరు? గాజు తొట్టి గోడలు నాకునని కొనుక్కొన్న బొచ్చెమూతి చేప పెద్దదైన పిదప కాలువ పాలై, నేడు "దెయ్యం చేప" పేరుతో ఆంధ్రదేశపు చేపల రైతులకు తలనొప్పియై కూర్చున్నది. వదిలినవారందరు జాలిగలవారే అయి ఉందురు.

ఆ పిదప మేము, ఆ విద్యార్థి కలిసి గుడ్డ వలతో చెరువు గట్టున మూడు పర్యాయాలు వెదికినాము. చిట్టి రొయ్యలు వలలో పడినవి. అన్నియు గోధుమరంగువి. మన నాటువో, మేము వదిలినవో కంటితో చూచి చెప్పుట మా వలన కాలేదు. అవి ఎర్రనివైనచో కొంగలైనా ఏరి తినును, మాకైనా కనబడును. ఏ రంగు కారణంగా వాటిని తొట్టినుండి వెళ్ళగొట్టినామో ఆ రంగే వాటిని చెరువులో దాచినది. "సార్, తప్పు నాది" అని అతడు గట్టుమీద రెండుసార్లు అన్నాడు. కాదు. బకెట్టు చేతికిచ్చినవారిది.

పెంపుడు జీవిని ఉంచుకొనుట మన ధర్మంలో నిషిద్ధం కాదు. చిన్న పిట్ట చనిపోయి దిగులుపడిన బాలుడు అబూ ఉమైర్‌ను ప్రవక్త పలకరించిన వృత్తాంతం నుండి పిట్టలను పెంచుకొనవచ్చునని పండితులు నిర్ణయం తీసినారు. పిల్లిని బంధించి ఆహారం పెట్టక చంపిన స్త్రీ శిక్ష పొందిన వృత్తాంతం కూడా హదీసులలోనే ఉన్నది. రెండింటిని కలిపి చదువుకొన్నచో, పెంచుటకు అనుమతి ఎంతవరకో పూచీ కూడా అంతవరకే ఉన్నదని మేము గ్రహించినాము. మనకు నచ్చినవాటికే పూచీపడుట పూచీ కాదు. ఎర్రనివాటిని అందరూ పోషింతురు.

ఏరివేసిన వాటిని చంపివేయవచ్చునని కొందరు, పెద్ద చేపలకు ఆహారంగా వేయవచ్చునని కొందరు. రెండవది ప్రకృతి విరుద్ధమని మేము అనము. మా ఇంట ఒకరిద్దరు అట్లే చేయుమన్నారు. కాని విద్యార్థులు పదిమంది చూస్తుండగా "రంగు తక్కువ కనుక దీనిని దానికి వేయుము" అను పాఠం వరండాలో రోజూ నడుచుటకు మేము సమ్మతించలేము. ఇక మురుగుకాలువ మార్గం చెరువు మార్గమే, కొంచెం చుట్టుదారి.

కనుక రెండవ తొట్టి. గ్రంథాలయం వెనుక నాటు బాదం చెట్టు నీడలో ఒక పాత సిమెంటు గాబు ఉన్నది. కొత్త సిమెంటు అయినచో సున్నం దిగి నీరు చెడును గాని, అది ఏళ్ళ తరబడి వానకు నానినది. రాలిన బాదం ఆకులు రొయ్యలకు ఆహారం, ఆశ్రయం కూడా. దానిలో రంగు ఎంపిక ఉండదు. ఎవరు ఎవరితో కలిసినను సరే. దోమలు గుడ్లు పెట్టకుండ సన్నని దోమతెర గుడ్డ బిగించవలెను. రొయ్యలు దోమపిల్లలను తినివేయునని నమ్మి మూత మానుకొనరాదు. పొంగి కాలువలో కలియకుండ వానాకాలంలో నీటిమట్టం జానెడు తగ్గించి ఉంచవలెను. ఆ నీరు మార్చినప్పుడు గుడ్డలో వడగట్టి చెట్ల పాదులకు పోయవలెను, తూములో పోయరాదు. ఇంటికి తీసుకొనిపోయే విద్యార్థి ఒక సంతకం చేయవలెను. వద్దనుకొన్ననాడు గాబుకే తిరిగి తెచ్చెదనని.

గాబు నిండిపోయినచో ఏమి చేయుదురని కమిటీలో ఒక పెద్దలు అడిగినారు. సరైన ప్రశ్న. ఆహారం తగ్గించిన చోట ఇవి తమ సంఖ్యను తామే తగ్గించుకొనును. మేము పాలకూర వేయుట వారానికి ఒకసారికి తగ్గించిన పిదప మా ఇంట సంఖ్య ఒక చోట నిలిచినది. అయినను ఎక్కువైనచో గాజు తొట్టిలోని ఆడ, మగలను విడదీసి పెంపకం ఆపవలెను. ఎర్రనివాటి వృద్ధి ఆపుటకు సిద్ధపడనివారు అర్జీని ఇప్పుడే వెనుకకు తీసుకొనవచ్చును.

వేసవి సెలవులలో గాబుకు నీరు పోయువారెవరన్నది ఒక్కటే మిగిలినది. ఈ ఏటికి మేము ఒప్పుకొన్నాము, మా ఇల్లు దగ్గర. ఆ సైకిలు విద్యార్థి కూడా పేరు ఇచ్చినాడు. గాజు తొట్టికి డబ్బు మంజూరు కాకమునుపే గాబును కడిగించి, సబ్బు తగలకుండ కడిగించి, నీరు నింపించవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము. ఆరు వారాలు ఎట్లును వేచి ఉండవలసినదే.